కరోనర్: ముగ్గురే వాయించిన త్రాష్, చాలామంది దాటేసిన అయిదు ఆల్బమ్‌లు

టేపురికార్డర్:

ఎనభైల త్రాష్ (హెవీ మెటల్‌లో వేగంగా, కటువుగా సాగే శాఖ) అని మాటెత్తితే ఈ ఫోరమ్‌లో సగం థ్రెడ్‌లు అమెరికా నాలుగు పెద్ద బృందాల చుట్టూ, మిగతా సగం జర్మనీ మూడు బృందాల చుట్టూ తిరుగుతాయి. స్విట్జర్లాండ్ ఊసే రాదు. వచ్చినా సెల్టిక్ ఫ్రాస్ట్ బృందం దగ్గర ఆగిపోతుంది. అదే దేశంలోని జ్యూరిక్ నుంచి కరోనర్ అనే బృందం వాళ్ళు 1987 నుంచి 1993 లోపు అయిదు ఆల్బమ్‌లు ఇచ్చారు: ఆర్.ఐ.పి. (1987), పనిష్‌మెంట్ ఫర్ డెకడెన్స్ (1988), నో మోర్ కలర్ (1989), మెంటల్ వోర్టెక్స్ (1991), గ్రిన్ (1993). వీటిలో ఏ రెండూ ఒకేలా ఉండవు. ఏ ఒక్కటీ తీసిపారేసేది కాదు.

మనుషులు ముగ్గురే. రాన్ రాయిస్ బాస్, గాత్రం. టామీ టి. బారన్ (అసలు పేరు టామీ వెటర్లి) గిటార్. మార్క్విస్ డ్రమ్స్, పాటల్లో చాలావాటికి మాటలు కూడా ఆయనవే. సెల్టిక్ ఫ్రాస్ట్ పర్యటనల్లో సామాన్లు మోసి, వేదిక సర్దిన కుర్రాళ్ళు వీళ్ళు. 1986లో డెత్ కల్ట్ అనే డెమో (నమూనా టేపు) చేసినప్పుడు పాడింది ఫ్రాస్ట్ నాయకుడు టామ్ జి. వారియరే. మొదటి ఆల్బమ్ నుంచి పాడే పని రాన్ మీద పడింది.

ఈ థ్రెడ్‌లో "అద్భుతం", "గూస్‌బంప్స్" లాంటి ఒక్క ముక్క పోస్టులు వద్దు. ఏ పాటలో ఏం జరుగుతోంది, ఎలా వాయించాలి, ఏ ప్రతి కొనాలి, ఎందుకు మరుగున పడ్డారు, ఇవి రాయండి.

కొత్తశ్రోత:

మెగాడెత్, క్రియేటర్ బాగా విన్నాను. వీళ్ళని ఎక్కడ మొదలుపెట్టాలి అన్నా? ఆర్.ఐ.పి. పెడితే ఒకదాని మీద ఒకటి నోట్లు పడిపోతున్నాయి, ఏదీ చెవిలో నిలవడం లేదు.

టేపురికార్డర్:

వరసలో వినకు తమ్ముడూ. నో మోర్ కలర్‌తో మొదలుపెట్టు. ఎనిమిది పాటలు, మొత్తం 35 నిమిషాల లోపే. ముందు డై బై మై హ్యాండ్, తర్వాత చివరి పాట లాస్ట్ ఎంటర్‌టైన్‌మెంట్. ఒకటి పరుగు, ఇంకోటి నింపాదిగా నడిచేది. ఈ రెండింటి మధ్య దూరం అర్థమైతే మిగతా ఆరూ వాటంతటవే విడిపోతాయి. ఆ తర్వాత మెంటల్ వోర్టెక్స్‌లో సెమ్‌టెక్స్ రివల్యూషన్, మెటమార్ఫసిస్. అక్కణ్ణుంచి వెనక్కి పనిష్‌మెంట్‌లో మాస్క్‌డ్ జాకల్. ఆర్.ఐ.పి. నాలుగోది. గ్రిన్ చివర.

ఆర్.ఐ.పి. చెవికెక్కకపోవడానికి కారణం ఉంది. అందులో వెటర్లి ఒక రిఫ్‌ని (మళ్ళీ మళ్ళీ వచ్చే చిన్న గిటార్ వరస) అరుదుగా నిలబడనిస్తాడు. నాలుగు సార్లు వినిపించాల్సింది రెండు సార్లతో వదిలేసి ఇంకోదాంట్లోకి దూకుతాడు. నో మోర్ కలర్‌కి వచ్చేసరికి అదే చేయి, కానీ ఒక రిఫ్‌కి దాని చోటు దానికి ఇచ్చాడు. ముందు ఇది వింటే అది అర్థమవుతుంది, అటునుంచి రావడం కష్టం.

కీరవాణి21:

మనవాళ్ళకి ఈ బృందం ఇంకాస్త తేలిగ్గా పట్టుబడాలి, ఎందుకంటే ఆర్.ఐ.పి.లో సోలోలు ఎక్కువగా ఆధారపడే హార్మోనిక్ మైనర్ స్కేల్ మన 21వ మేళకర్త కీరవాణే. స రి2 గ2 మ1 ప ద1 ని3. నాస్ఫెరాటు అనే వాద్య పాట వినండి, మాటలు లేవు కాబట్టి స్వరాలే వినపడతాయి. ద1 నుంచి ని3కి ఉన్న ఆ పెద్ద అంగ దగ్గర చెవి పెట్టండి. ఆ రంగు అక్కణ్ణుంచే వస్తుంది. అదే స్కేల్‌ని పంచమం నుంచి మొదలుపెట్టి చూస్తే వకుళాభరణం రాగం. త్రాష్‌లో ముదురుగా వినిపించే రిఫ్‌లు చాలా వరకు తోడి వైపు (కింది రి1 వల్ల), సోలోలు కీరవాణి వైపు ఉంటాయని ఒక మోటు లెక్క. పూర్తిగా నిజం కాదు, మధ్యలో ఏ రాగానికీ చెందని క్రోమాటిక్ (అర స్వరం చొప్పున జరిగే) నడకలు బోలెడు. కానీ సోలోని చెవితో పట్టుకోడానికి ఈ లెక్క పనికొస్తుంది. ముందు ఆధార షడ్జం పట్టండి, ని3 ఉందో ని2 ఉందో చూడండి, సగం పని అయిపోతుంది.

మూడోతీగ:

వాయించే సంగతి నేను రాస్తాను. వెటర్లి సోలోల్లో స్వీప్ పికింగ్ (పిక్‌ని ఒకే ఊపులో తీగల మీదుగా జార్చడం) ఎక్కువ. నేరుగా ఆయన సోలో మీద పడితే చేయి పాడవుతుంది. ముందు ఈ రెండు ఆకారాలు.

మొదటిది ఏ మైనర్, అయిదు తీగల మీద. అయిదో తీగ 12వ ఫ్రెట్ చూపుడువేలు, అక్కడే 15కి చిటికెనవేలితో హ్యామర్ (మీటకుండా వేలితో కొట్టి మోగించడం). నాలుగో తీగ 14, మూడో తీగ 14, రెండూ ఉంగరపువేలే. రెండో తీగ 13 మధ్యవేలు. మొదటి తీగ 12 చూపుడువేలు, 17కి చిటికెనవేలు హ్యామర్. దిగేటప్పుడు 17 నుంచి 12కి పుల్ ఆఫ్ (వేలు లాగి మోగించడం), 13, 14, 14, 15, మళ్ళీ మొదటికి. ఎక్కడం ఏడు, దిగడం అయిదు, మొత్తం పన్నెండు నోట్లు. దెబ్బకి (అంటే బీట్‌కి) ఆరు చొప్పున సరిగ్గా రెండు దెబ్బలు. అంటే పైనున్న 17వ ఫ్రెట్ నోటు రెండో దెబ్బ మీద పడి తీరాలి. అది దెబ్బ కంటే ముందు వచ్చేస్తోందంటే మధ్య తీగల్లో పరిగెడుతున్నారన్నమాట. దాదాపు అందరూ అక్కడే పరిగెడతారు, ఎందుకంటే కుడిచేయి ఒకే ఊపులో జారిపోతుంది.

రెండోది డిమినిష్డ్ కార్డ్, మూడు తీగలే. మూడో తీగ 10, రెండో తీగ 9, మొదటి తీగ 7, 10కి హ్యామర్, వెనక్కి 7, రెండో తీగ 9. ఆరు నోట్లు, ఒక దెబ్బ. తర్వాతి దెబ్బకి మొత్తం ఆకారాన్ని మూడు ఫ్రెట్లు పైకి జరపండి: 13, 12, 10, 13. ఇంకో మూడు, ఇంకో మూడు. నాలుగు దెబ్బలకి ఒక ఆవర్తం. మూడు ఫ్రెట్లు జరిపినా అవే నాలుగు స్వరాలు చోట్లు మారతాయి కాబట్టి శ్రుతి తప్పదు.

మెట్రోనోమ్ 50లో పెట్టండి. నాలుగు సార్లు వరసగా శుభ్రంగా వస్తేనే 4 పెంచండి. ఒక్క నోటు మసకబారినా 8 తగ్గించండి.

తప్పెక్కడ వస్తుందంటే, ఒకే ఫ్రెట్‌లో రెండు తీగలు వచ్చే చోట (పై ఆకారంలో 14, 14). వేలు అడ్డంగా పడుకోబెట్టి నొక్కేస్తే రెండు నోట్లూ కలిసి మోగి కార్డ్ అయిపోతుంది. వేలి కొనతో నాలుగో తీగ నొక్కి, మోగిన వెంటనే వేలి మెత్తని భాగం వైపు దొర్లించాలి. కొన లేవగానే నాలుగో తీగ ఆగిపోతుంది. దిగేటప్పుడు తిరగేసి. డిస్టార్షన్ వేసి సాధన చేయకండి, మసక తెలీదు. క్లీన్ సౌండ్‌లో ముందు.

కొత్తశ్రోత:

రిఫ్‌ల సంగతి? సోలోలు తర్వాత నేర్చుకుంటాను. రిఫ్ వాయిస్తే నాది బురదగా వినిపిస్తోంది. ఆంప్‌లో గెయిన్ (శబ్దాన్ని గరుకుగా చేసే గుండీ) పదికి పెట్టాను.

మూడోతీగ:

బురదకి కారణం ఆ పదే. గెయిన్ 5, 6 దగ్గరికి దించండి. మిడ్ సున్నాకి దించే అలవాటు మానండి, 5 లేదా 6. బాస్ 4. గిటార్ ఒక్కటే ఉన్న బృందంలో మిడ్ తీసేస్తే వాయించింది డ్రమ్స్ కింద మాయమవుతుంది. గదిలో ఒంటరిగా బాగుంటుంది, ముగ్గురూ కలిసేసరికి ఉండదు.

తీగలు 10–46 సెట్, పిక్ 1 మి.మీ. పైన గట్టిది. పలచటి పిక్ వేగంలో వంగి ఆలస్యంగా వస్తుంది. కుడి అరచేయి అంచు సరిగ్గా బ్రిడ్జి మీద సాడిల్ దగ్గర. ఒక సెంటీమీటరు ముందుకి జరిగితే నోటు చచ్చిపోతుంది, వెనక్కి జరిగితే మ్యూట్ అవదు.

నాయిస్ గేట్ (వాయించనప్పుడు శబ్దాన్ని కోసేసే పెడల్) విషయంలో ఒక మాట. చాలామంది థ్రెషోల్డ్ (అది కోయడం మొదలుపెట్టే స్థాయి) ఎక్కువ పెట్టేసి రిఫ్ మధ్య ఖాళీల్లో దాని నోరు నొక్కుతారు. ఆపే పని చేతులది. రెండు చేతులతోనూ తీగలు ఆపడం వచ్చాక, గేట్‌ని హమ్ మాత్రం పోయేంత తక్కువలో పెట్టండి. వీళ్ళ రిఫ్‌లలో ఆ చిన్న చిన్న ఆగుడులే ప్రాణం. అవి గేట్ వల్ల వచ్చినవైతే అన్నీ ఒకేలా తెగుతాయి.

వేగం గురించి: 180 దగ్గర దెబ్బకి నాలుగు చొప్పున అంటే సెకనుకి 12 పిక్ దెబ్బలు. మోచేతి నుంచి కొడితే నిమిషంలో ముంజేయి రాయి అయిపోతుంది. మణికట్టు నుంచే, పిక్ తీగని దాటి బయటికి వచ్చేది 2, 3 మి.మీ. కంటే ఎక్కువ ఉండకూడదు. నొప్పి మొదలైతే ఆపేయండి, ఓర్చుకుని వాయిస్తే నెలల తరబడి చేయి పనికిరాకుండా పోతుంది.

బాస్‌లైన్_బెజవాడ:

గిటార్ గురించే మాట్లాడుకుంటూ రాన్ రాయిస్‌ని మర్చిపోతున్నారు. నా దృష్టిలో ఈ బృందం అసలు కిటుకు ఆయన దగ్గరే ఉంది.

లెక్క చూడండి. స్టూడియోలో రిథమ్ గిటార్‌ని ఎడమ ఒకసారి, కుడి ఒకసారి వాయించి పరిచి, సోలోని మధ్యలో పెట్టుకోవచ్చు. వేదిక మీద ఉన్నది ఒక్క గిటార్. సోలో మొదలవగానే కింద రిథమ్ లేదు. ఆ ఖాళీ ఎవరు నింపాలి? బాసే. పైగా ఆ మనిషి అదే సమయంలో పాడాలి కూడా. క్రియేటర్‌లో మిల్లే పెట్రోజా పాడుతూ రిథమ్ వాయిస్తాడు, పక్కన ఇంకో గిటార్ ఉంటుంది. ఇక్కడ ఆ వెసులుబాటు లేదు.

ముగ్గురితో ఈ పాటలు కట్టాలనుకునేవాళ్ళకి: బాస్ సిగ్నల్‌ని రెండుగా చీల్చండి. ఒకటి శుభ్రంగా, కింది భాగం కోసం. రెండోదానికి ఓవర్‌డ్రైవ్, దాన్లో 200 హెర్ట్జ్ కింద అంతా కోసేయండి. ఓవర్‌డ్రైవ్ మొత్తం సిగ్నల్‌కి వేస్తే కింది భాగం పలచబడి, కిక్ డ్రమ్‌తో (కాలితో కొట్టేది) కలిసి గుదిగుచ్చుకుంటుంది. 1 నుంచి 2 కిలోహెర్ట్జ్ మధ్య కొంచెం పెంచితే వేళ్ళ చప్పుడు వినిపిస్తుంది. సోలో వచ్చినప్పుడు ఓవర్‌డ్రైవ్ పాయని 2, 3 డీబీ పైకి. వాల్యూమ్ పెడల్‌తో చేయొచ్చు.

పాడుతూ వాయించడానికి: ముందు బాస్ మాత్రమే, మాట్లాడుతూ వాయించగలిగే దాకా. ఎవరైనా ప్రశ్న అడిగితే ఆపకుండా జవాబు చెప్పగలగాలి. ఆ తర్వాత మాటల్ని లయగా చదవండి, గొంతు ఎత్తకుండా. గొంతు చివర. ఈ వరస తిరగబడితే పాట మొదలైన చోటల్లా చేయి తడబడుతుంది.

డబుల్‌కిక్_వరంగల్:

డ్రమ్స్ గురించి ఎవ్వరు రాయలేదు కాబట్టి నేనే రాస్తున్న. మార్క్విస్‌ది చూపించుకునే వాయింపు కాదు. ఆర్.ఐ.పి.ల స్నేర్ ఎదురు దెబ్బల మీద పడే త్రాష్ నడకే ఎక్కువుంటది. మెంటల్ వోర్టెక్స్‌కి వచ్చేసరికి వేగం తగ్గించి, హై హ్యాట్ మీద, రైడ్ మీద (రెండూ తాళాలే) పని పెంచిండు. గ్రిన్‌ల ఇంటర్నల్ కాన్‌ఫ్లిక్ట్స్, సర్పెంట్ మూవ్స్ వినుర్రి. కిక్ గిటార్ రిఫ్‌తోటి ఒక్కో నోటుకు అతుక్కుని పోతది, పై చేయి మాత్రం నిమ్మళంగ నాలుగు దెబ్బలు లెక్క పెట్టుకుంట నడుస్తది. రిఫ్ ఎక్కడ తిరిగినా వినేటోనికి దారి తప్పదు.

నేర్చుకునేటోళ్ళు ఇట్ల చెయ్యాలె. ముందు పై చేయి ఒక్కటే, రైడ్ మీద సూటిగ నాలుగు. దాని మీద స్నేర్ రెండు, నాలుగు. కాళ్ళు చివరికి, రిఫ్‌ని నోటితోటి అనుకుంట. తకిట, తకధిమి అని అనుకుంటరో ఇంకేమంటరో మీ ఇష్టం, కాని నోట్లకెళ్ళి రానిది కాళ్ళకు రాదు. చాలామంది కాళ్ళతోటి మొదలుపెడతరు. పై చేయి కాళ్ళ ఎంబడి గుంజుకపోతది, లయ మొత్తం ఊగుతది.

కీరవాణి21:

డబుల్‌కిక్ గారు చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. తకిట తకిట తకధిమి తక అని పన్నెండు అక్షరాలుగా పలికి చూడండి, పై చేయి మూడు అక్షరాలకి ఒకసారి కొడితే నాలుగు దెబ్బలకి మళ్ళీ కలుస్తారు. రెండూ ఒకేసారి నోటా చేతా రావాలి.

టేపురికార్డర్:

ఇక ఎందుకు మరుగున పడ్డారన్నది. రకరకాల మాటలు చెబుతారు గానీ నాకు కనిపించేవి మూడు.

ఒకటి, వాళ్ళ సంస్థ. బెర్లిన్‌లోని నాయిస్ రికార్డ్స్. అదే ఇంట్లో హెలోవీన్, క్రియేటర్, సెల్టిక్ ఫ్రాస్ట్, రన్నింగ్ వైల్డ్, టాంకార్డ్ ఉన్నారు. అంత మంది అన్నదమ్ముల్లో సులభంగా అమ్ముడుపోని బిడ్డకి వెనక వరసే దక్కుతుంది.

రెండు, ఏ పేరు కిందా ఇమడకపోవడం. త్రాష్ వాళ్ళకి మరీ క్లిష్టం, ప్రోగ్రెసివ్ వాళ్ళకి మరీ కటువు. ముగ్గురే కాబట్టి "త్రాష్‌లో రష్" అని పిలిచేవారు (రష్ కూడా ముగ్గురి బృందమే, కెనడాది). పొగడ్తే, కానీ సరిగ్గా అతకదు. రష్ దగ్గరున్న కథా ధోరణి వీళ్ళ దగ్గర లేదు.

మూడోది అన్నిటికంటే పెద్దది, కాలం. నో మోర్ కలర్‌తో చేయి కుదిరింది 1989లో. 1990 మార్చిలో, గోడ కూలిన నాలుగు నెలలకి, తూర్పు బెర్లిన్‌లో క్రియేటర్, టాంకార్డ్, సబ్బాత్‌లతో (ఇంగ్లండ్ సబ్బాత్, బ్లాక్ సబ్బాత్ కాదు) కలిసి వాయించారు. పైకి ఎక్కాల్సిన సమయం అదే. కానీ మెంటల్ వోర్టెక్స్ వచ్చిన 1991లోనే మెటాలికా నల్ల ఆల్బమ్, నిర్వాణ నెవర్‌మైండ్ వచ్చి వినేవాళ్ళ చెవుల్నే మార్చేశాయి. గ్రిన్ తర్వాత 1995లో ఒక సంకలనం, 1996లో విడిపోయారు. వెటర్లి క్రియేటర్‌లో చేరి అవుట్‌కాస్ట్, ఎండొరామా ఆల్బమ్‌లలో వాయించాడు. ఆ రెండు ఆల్బమ్‌లు విని "ఈ గిటార్ ఎవరిది" అని అడిగినవాళ్ళలో కూడా కరోనర్ దాకా వెళ్ళింది తక్కువ.

బాస్‌లైన్_బెజవాడ:

> గ్రిన్ చివర

ఇక్కడ మాత్రం ఒప్పుకోను టేపు గారూ. మీరు గ్రిన్‌ని చివర పెట్టారంటే అది తక్కువదని అర్థం వస్తోంది. నాకైతే వాళ్ళ అయిదింట్లో అదే గొప్పది. ఏడెనిమిది నిమిషాల పాటల్లో ఒక్క రిఫ్ పట్టుకుని, దాని మీద పొరలు పేర్చుకుంటూ పోయారు. పారలైజ్‌డ్ మెస్మరైజ్‌డ్ వినండి. ఆర్.ఐ.పి.లో పది రిఫ్‌లు ఖర్చు పెట్టే చోట ఇక్కడ రెండు. అలా తగ్గించుకోవాలంటే గుండె ధైర్యం ఉండాలి.

మూడోతీగ:

నేను ఇద్దరి మధ్యలో లేను, టేపు గారి వైపే. గ్రిన్‌లో నేర్పు ఉంది, కానీ వెటర్లి ఎడమ చేయి నోరు మూసుకుని కూర్చుంది. సోలోలు వినాలనుకునేవాడికి అది ఆకలి తీర్చదు. మెంటల్ వోర్టెక్స్‌లో రెండూ ఉన్నాయి: గ్రూవ్ ఉంది, సోలో ఉంది. చివర బీటిల్స్ ఐ వాంట్ యు తీసుకుని వాళ్ళ పద్ధతిలో బరువుగా నడిపించారు. అసలు పాటే త్రాష్‌కి ముందు వచ్చిన డూమ్ (నెమ్మదిగా, బరువుగా సాగే మెటల్) రిఫ్ లాంటిది, ఎంపిక బాగా కుదిరింది.

టేపురికార్డర్:

చివర అన్నది వినే వరసలో, విలువలో కాదు. మొదటి నాలుగు విన్నాక గ్రిన్‌లో వాళ్ళు ఏం వదిలేశారో తెలుస్తుంది. అది తెలీకుండా వింటే మామూలు తొంభైల ఇండస్ట్రియల్ గ్రూవ్‌లా దాటిపోయే ప్రమాదం ఉంది.

నల్లపళ్ళెం:

కొనేవాళ్ళ కోసం. పాత ఎల్పీ అయితే నో మోర్ కలర్ మంచి బేరం. పక్కకి 17 నిమిషాల చొప్పున పడుతుంది కాబట్టి గాడులు విశాలంగా, గట్టిగా కోయడానికి వీలవుతుంది. గ్రిన్ దాదాపు గంట. అంత నిడివి ఒకే ఎల్పీలో ఇరికిస్తే స్థాయి తగ్గించి, బాస్ సన్నగిల్లేలా కోయక తప్పదు. దానికి సీడీయో రెండు ఎల్పీల ప్రతో మేలు.

విదేశం నుంచి తెప్పిస్తుంటే అమ్మేవాడికి ముందే రాయండి: పళ్ళేన్ని లోపలి కాగితం సంచితో సహా అట్ట బయటికి తీసి, అట్ట వెనకాల పెట్టి ప్యాక్ చేయమని. లోపలే ఉంచితే దారిలో కుదుపులకి అట్ట పై అంచు, కింది అంచు చీలిపోతాయి. ఫొటోలో గీతల కంటే ముందు చూడాల్సింది మధ్య రంధ్రం చుట్టూ లేబుల్ మీద సన్నటి గీకుళ్ళు. అవి ఎక్కువుంటే ఎన్నోసార్లు ఎక్కిన పళ్ళెం.

మన ఎండల సంగతి మర్చిపోవద్దు. ఏప్రిల్, మే నెలల్లో పార్సిల్ బండిలోనో, కారు వెనక సీట్లోనో గంటలు ఉంటే వంగిపోతుంది. వీలైతే జులై తర్వాత తెప్పించుకోండి. వచ్చాక ఒకదాని మీద ఒకటి పేర్చకండి, నిలువుగా ఉంచండి, పడమటి గోడకి ఆనించొద్దు.

కొత్తశ్రోత:

అన్నా ఇంకో సందేహం. ఇంటర్నెట్‌లో దొరికిన డెత్ కల్ట్ డెమోతో కలిపి వాయిస్తుంటే గిటార్ శ్రుతి కలవడం లేదు. అర స్వరం కూడా కాదు, మధ్యలో ఎక్కడో ఉంది.

నల్లపళ్ళెం:

క్యాసెట్ నుంచి తీసిన ప్రతి అయ్యుంటుంది. టేపు వేగం 1 శాతం పెరిగితే శ్రుతి 17 సెంట్లు పైకి పోతుంది. అర స్వరం అంటే 100 సెంట్లు, దానికి దాదాపు 6 శాతం కావాలి. కాపీ మీద కాపీలో రెండు మూడు శాతం తేడా మామూలే, అందుకే మధ్యలో ఎక్కడో తేలుతుంది. గిటార్ తీగలు సవరించకండి. ఫైల్‌ని ఆడాసిటీ అనే ఆడియో సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, ఒంటరిగా మోగే బాస్ నోటు ఒకటి పట్టుకుని ట్యూనర్‌తో ఎన్ని సెంట్లు తేడానో చూడండి. ఆ సంఖ్యని 17తో భాగిస్తే ఎంత శాతమో వస్తుంది. వేగం మార్చే ఎఫెక్ట్ వాడండి, శ్రుతి మాత్రమే మార్చేది కాదు. రెండోది వాడితే శ్రుతి కలుస్తుంది గానీ టెంపో తప్పుగానే ఉండిపోతుంది.

టర్న్‌టేబుల్ ఉన్నవాళ్ళు కూడా ఇది చూసుకోవాలి. 3150 హెర్ట్జ్ పరీక్ష పళ్ళెం పెట్టి ఫోన్ యాప్‌తో కొలవండి. 3180 చూపిస్తే 1 శాతం వేగం ఎక్కువ. బెల్టు మార్చినప్పుడల్లా మళ్ళీ చూడాలి.

మూడోతీగ:

పాత సీడీ, కొత్త రీమాస్టర్ పోల్చేవాళ్ళకి దీనికే ఇంకోటి కలుపుతాను. రెండింటి స్థాయి సమానం చేయకుండా పోల్చకండి. ఒక్క డీబీ గట్టిగా ఉన్నదే బాగున్నట్టు అనిపిస్తుంది. ప్లేయర్‌లో రీప్లేగెయిన్ (స్థాయిని సమానం చేసే సదుపాయం) వేసి, స్నేర్ దెబ్బ మీద చెవి పెట్టండి. కొత్తదాంట్లో స్నేర్ గిటార్‌లో కలిసిపోయి చదునుగా వినిపిస్తే పాతదే ఉంచుకోండి.

కొత్తశ్రోత:

తేడా 38 సెంట్లు వచ్చింది. అంటే 2.2 శాతం. తగ్గించాక కలిసింది. ఇప్పుడు వాళ్ళు వాయిస్తున్నారా?

టేపురికార్డర్:

2010లో మళ్ళీ కలిశారు. 2014లో మార్క్విస్ తప్పుకుంటే డీగో రపాకియెట్టి వచ్చాడు. 2025 అక్టోబరులో డిసొనెన్స్ థియరీ అనే ఆల్బమ్ వచ్చింది, గ్రిన్ తర్వాత 32 ఏళ్ళకి. అందులో సిమెట్రీ, రిన్యువల్ ముందు విను. మెంటల్ వోర్టెక్స్ నడక, నో మోర్ కలర్ చేయి రెండూ ఉన్నాయి. డ్రమ్స్ వేరే మనిషివి కాబట్టి కిక్, రిఫ్ అతుక్కునే తీరు ఎక్కడ మారిందో డబుల్‌కిక్ గారు రాస్తే బాగుంటుంది.

డబుల్‌కిక్_వరంగల్:

రాస్త. ముందు ట్రాన్స్‌పరెంట్ ఐ పట్టుకుంట, హెడ్‌ఫోన్‌ల వింటెనే కిక్ విడిగ తెలుస్తది. బార్ల లెక్కతోటి పెడత, ఈలోపు గ్రిన్‌ల సర్పెంట్ మూవ్స్ మీరందరు లెక్క పెట్టి ఉంచుర్రి, పక్కపక్కన పెట్టి చూద్దాం.